మంత్రగత్తెను ఆపే స్తంభం

ఈనక్ గార్బట్ ఇచ్చిన విందుకు ఊరంతా అతని రాతి ఇంటి లోపలా బయటా చేరి బీరు తాగుతోంది. కెజియా భుజం మీది దుంగను బయటి గోడకు ఆనించి, గడప దగ్గర ఆగింది.

కిందటి చలికాలం మరిది ఈనక్ ఆమెను ఈ గడప అవతలికే గెంటాడు. భర్త సమాధి మట్టి ఆరకముందే విట్బీ రేవులో తిమింగలాల వేట ఓడ దిగి వచ్చాడు. ఆవు చచ్చిపోతే, వదినే మంత్రం వేసిందన్నాడు. ఊరు నమ్మింది. ఇల్లు అతనిదైపోయింది. ఇవాళ ఆ ఇల్లు తిరిగి తీసుకోవడానికే కెజియా వచ్చింది.

"రా వదినా! భయమా?" లోపలినుంచి ఈనక్ నవ్వాడు.

"రావాలనే ఉంది మరిదీ. ఆ స్తంభం రానివ్వడం లేదు."

పొయ్యి పక్కన, లోపలికి పోయే దారిలో ఓక్ స్తంభం. దాని మీద అడ్డగీతల శిలువ చెక్కి ఉంది. మంత్రగత్తె దాన్ని దాటలేదని ఆ కొండల్లో అందరి నమ్మకం. కెజియాకు ఇంకో సంగతి కూడా తెలుసు. కప్పు మార్చేటప్పుడు భర్త చూపించాడు. పొయ్యి మీది పొగగూడును, దాని పైనున్న రాళ్ళను మోసే దూలం ఒక కొస ఆ స్తంభం నెత్తినే ఆనుతుంది. ఈనక్ వేయించిన కొత్త సున్నం ఆ అతుకును కప్పేసింది.

"విన్నారా? తన నోటితోనే ఒప్పుకుంది!" అన్నాడు ఈనక్.

"ఒప్పుకున్నా. తిమింగలాన్ని పొడిచిన మగాడు ఆడదానికి జడిసి కర్ర చాటున కాపురముంటున్నాడు. అది లేకపోతే నీకు కునుకు పడుతుందా మరిదీ?"

జనం గొల్లుమన్నారు. "దొరికాడ్రోయ్!" అన్నారెవరో.

ఈనక్ చెవులు ఎర్రబడ్డాయి. "రంపం తెండి!"

"తాతలనాటిదిరా, ముట్టుకోకు," అన్నాడు చర్చి పెద్ద రాల్ఫ్.

ఈనక్ వినలేదు. కోత మధ్యలో రంపం బిగుసుకుపోయింది. బరువు పైనుంచి నొక్కుతోందని అతనికి తట్టలేదు. ఓక్ మొండితనం అనుకుని, ఏటవాలుగా లాగి కోశాడు.

ఫెళ్ళుమంది. స్తంభం పైముక్క పక్కకు జారింది. సున్నం పెచ్చులు రాలాయి. దూలం మూలిగింది. ఈనక్ రెండు ముక్కల్నీ కౌగిలించుకుని బిగపట్టాడు. లోపలున్నవాళ్ళు బయటికి పరుగెత్తారు.

"ఎవరైనా రండి! వదిలితే నామీదే కూలుతుంది!"

ఒక్కరూ కదల్లేదు. కెజియా దుంగ ఎత్తుకుని గడప దాటింది, స్తంభం దాటింది. అతనికి అందనంత దూరంలో నిలబడింది.

"దాటేశానే! మంత్రగత్తె ఎవరు మరిదీ?"

"ముందు ఆ దుంగ దూలం కింద పెట్టవే!"

"వదినా అనడం మరిచావు."

"వదినా... ఆవుకు విషపు యూ చెట్టు ఆకులు పెట్టింది నేనే. ఇంటి కోసం."

"గట్టిగా. రాల్ఫ్ గారికి చెముడు."

ఈనక్ ఏడుస్తూ అరిచాడు.

"ఇల్లు ఎవరిది?"

"నీది! నీదే వదినా!"

రాల్ఫ్ టోపీ తీశాడు. "అందరం విన్నాం తల్లీ. ఇక పెట్టు."

"పెడతాను. ముందు ఆకలి తీరనివ్వండి. చలికాలం నుంచి నా ఇంట్లో నేను ముద్ద తినలేదు."

విందుబల్ల దగ్గర కూర్చుని, ఓట్స్ రొట్టె విరిచి జున్ను ముక్క పెట్టుకుంది. ఈనక్ స్తంభాన్ని వాటేసుకునే ఉన్నాడు. కెజియా నింపాదిగా నమిలింది.