చచ్చిపోయినవాడి పుట్టినరోజు

మోకాలు మళ్లీ సలుపుతోంది, మంచు పడబోయే ముందు ఇలాగే సలుపుతుంది, మార్చి సగం గడిచినా ఈ చికాగోకి సిగ్గులేదు, ఇంకా చలి కుమ్మరిస్తూనే ఉంటుంది, ఏళ్ల తరబడి సిటీ బస్సు తోలిన మోకాలు మరి, బ్రేకు తొక్కీ తొక్కీ అరిగిపోయింది, అయినా బస్సే నయం అనుకుంది ఒడెస్సా, కారు ఇంజను ఆపకుండా, హీటరు గాలి మోకాలి మీదికి తిప్పుకుంటూ, బస్సెక్కినవాడు ఎక్కడో ఒకచోట దిగుతాడు, ఈ ఉద్యోగంలో ఎక్కినవాడు దిగడు, దిగితే జైల్లో దిగుతాడు, లేదా శవపేటికలో దిగుతాడు, కోచ్ అని పేరు పెట్టారు దీనికి, బంతాట నేర్పుతున్నట్టు, మెళ్లో ఈల ఒక్కటే తక్కువ, ఆమె నేర్పేది ఒకటే ఆట, ఎవణ్ణీ కాల్చకుండా, ఎవడి చేతా కాల్పించుకోకుండా రాత్రికి కొంపకి చేరడం, అది నేర్చుకోవలసినవాళ్లు పసివాళ్లు కారు, పాతికేళ్లు దాటినవాళ్లు, గడ్డాలూ బిడ్డలూ ఉన్నవాళ్లు, ఒంట్లో తూటా ముక్కలు మోస్తున్నవాళ్లు, ఈ ఏడాది చంపేదీ చచ్చేదీ వీళ్లేనని పైన ఎవరో లెక్కకట్టి తేల్చి పంపినవాళ్లు, తేల్చడం వరకే వాళ్ల పని, తేల్చి చేతులు కడుక్కుంటారు, తడి గుడ్డేసుకుని పడుకుంటారు, మిగతాది ఒడెస్సా మోకాలు చూసుకోవాలి.

మూడో అంతస్తు కిటికీలో తెర కదల్లేదు, కీవియన్ లోపలే ఉన్నాడు, ఉండి తీరాలి, ఆమెకి అప్పజెప్పినవాళ్లలో ఒకడు, ఇరవై ఆరేళ్లవాడు, ఈరోజు వాళ్ల అన్న టైరిక్ పుట్టినరోజు, బతికుంటే ముప్పై నిండేవి, చచ్చినవాడి పుట్టినరోజుకి వాడు తూటా తగిలి పడిపోయిన వీధి మూలలోనే నలుగురూ చేరి, వాడి మొహం అచ్చేసిన చొక్కాలు తొడుక్కుని, వాడికిష్టమైన రంగు బెలూన్లు ఆకాశంలోకి వదలడం ఈ పడమటి పేట ఆచారం, ఆచారాన్ని తప్పుపట్టడానికి లేదు, గోరీ మీద రాయి నిలబెట్టుకోలేనివాళ్లు గాల్లోకైనా ఏదో ఒకటి వదలాలి కదా, కాని ఫలానా మూలకి నాలుగింటికి రండి అని ఫోన్లలో ఊరందరికీ పెడతారు, ప్రతిసారీ పెడతారు, ప్రతిసారీ ఒడెస్సా చెబుతుంది వద్దర్రా అని, ఏడవడానికి రమ్మన్న పిలుపు చంపడానికి వచ్చేవాడికీ అందుతుందర్రా అని, ఈసారీ పెట్టారు, టైరిక్ పిన్ని కూతురు పెట్టింది, బెలూను బొమ్మలతో సహా, పొద్దున లెస్టర్ ఫోన్ చేశాడు, ఇటువాళ్లకి పగవాళ్లైన రైలు వంతెన అవతలి పేటకి వాడు కోచ్, ఇటు సంగతి అటూ అటు సంగతి ఇటూ ముందుగా చెప్పుకోబట్టే ఇద్దరి పేటల్లోనూ కొందరింకా ఊపిరి పీలుస్తున్నారు, ఒడెస్సక్కా, మావాళ్లు మీ బెలూన్ల కబురు చూశారు, ఇద్దరు నా చేతికి దొరకడంలేదు, ఆ మూల వదిలెయ్యండి, అంతే చెప్పి పెట్టేశాడు, వెంటనే టైరిక్ తల్లి లవోన్‌కి చేసింది, లవోన్ తిట్టింది, నా బిడ్డ అక్కడ పోతే చర్చి పెరట్లో బెలూన్లు వదలమంటావేంటే, వాడు అక్కడికి వచ్చి చూసుకుంటాడా అంది, ఏడ్చింది, చివరికి సరేనంది, జనాన్నంతా చర్చికి మళ్లించింది, అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది.

ఆగలేదు, ఒడెస్సా కీవియన్‌కి కూడా ఫోన్ చేసింది, నిద్రలేదు, మొన్న ఒకడి అంత్యక్రియలు, నిన్న ఇంకొకడి కోర్టు, బుర్ర మొద్దుబారి, నిన్న చేరిన కుర్ర కోచ్ కూడా అనని మాట అనేసింది, ఆ మూలకి పోకు, వాళ్లు వస్తున్నారు అంది, అబద్ధం ఆడవలసిన చోట నిజం చెప్పింది, మీ నాన్నమ్మని డయాలసిస్‌కి తీసుకెళ్లాలి రా అంటే తిట్టుకుంటూ వచ్చేవాడు, నా కారు టైరు పోయింది రా అన్నా వచ్చేవాడు, వాళ్లు వస్తున్నారు అన్నాక ఇక ఇంట్లో కూర్చోవడానికి మొహం ఎక్కడుంది వాడికి, వస్తున్నారా, సరే పెద్దమ్మా, అన్నాడు, ఆ సరే ఎంత మెత్తగా ఉందో, ఆమెకి తెలుసు ఆ మెత్తదనం, తిట్టేవాడు కాల్చడు, అరిచేవాడు కాల్చడు, మెత్తగా సరే అన్నవాడు అప్పటికే తలుపు దగ్గరికి నడుస్తూ ఉంటాడు, అందుకే కారేసుకుని ఇక్కడికి వచ్చి పడింది, పోలీసులకి చెబితే రేపటినుంచి ఈ పేటలో ఆమె మొహం చూసేవాడుండడు, పోలీసుల దగ్గరికి పోనిదానికే ఇక్కడ తలుపులు తెరుస్తారు, ఇదే తలుపు ముందు మొదట్లో వారాల తరబడి మెట్ల మీద కూర్చుంది, చిప్స్ తింటూ, లోపలినుంచి కీవియన్, నీకు ఇల్లూ వాకిలీ లేదా అనేవాడు, ఉంది నాయనా, అక్కడ నిన్ను చూసే వీల్లేదు అనేది, ఒకనాడు తలుపు సందు చేసి ఆ చిప్స్ ఏవి అన్నాడు, అలా మొదలైంది, అంత తవ్వి పోసుకున్నది ఈరోజు ఒక్క మాటతో పూడ్చేసింది, ఇక చాలు, శుక్రవారం చెప్పేస్తుంది ఆఫీసులో, నన్ను వదిలెయ్యండి బాబూ, బస్సు తోలుకుంటాను.

తలుపు తెరుచుకుంది, కీవియన్, నల్ల హుడీ, కుడిచెయ్యి పొట్ట మీది జేబులో, ఆ చెయ్యి తియ్యకుండా భుజంతో తలుపు నెట్టాడు, అది చాలు ఆమెకి, సామాను, వీళ్ల భాషలో తుపాకీ, జేబులోనే ఉంది, కారు దిగి మోకాలు ఈడ్చుకుంటూ వెళ్లి అడ్డంగా నిలబడింది, ఏంటి పెద్దమ్మా, నా గుమ్మం ముందు గుడ్లు పొదుగుతున్నావా అన్నాడు నవ్వకుండా, పొదుగుతున్నా, నా ఖర్మకి నీలాంటి మురిగిన గుడ్డు దొరికింది, చెయ్యి బయటికి తియ్యరా అంది, చలేస్తోంది అన్నాడు, నాకూ వేస్తోంది, నేను పెట్టుకున్నానా జేబులో, పక్కకి జరుగు, మీ అమ్మ చర్చి దగ్గర నీకోసం చూస్తోంది, అమ్మని నువ్వు చూసుకో, నేను మూలకి పోతున్నా, మూలలో ఏముందిరా, అక్కడ బెలూన్లు లేవు, తెలుసు, తెలిస్తే మరి ఎందుకురా, వాళ్లొచ్చి ఖాళీ మూల ఫొటో తీసి పెట్టుకుంటారు పెద్దమ్మా, టైరిక్ తమ్ముడు మంచం కింద దూరాడని నవ్వుతారు, నవ్వనీరా, నవ్వితే తూటా దిగదు, దిగుతుంది, నీకు తెలీదు, అన్నాడు.

ఇప్పుడు ఏదో అనాలి, ఆఫీసులో నేర్పిన మాటలున్నాయి, ఊపిరి పీల్చు, నీ కూతుర్ని తలుచుకో, ఏడాది తర్వాత నువ్వెక్కడ ఉండాలనుకుంటున్నావో చెప్పు, వెతికితే ఒక్కటీ నోటికి రాలేదు, ఏడాది తర్వాతట, ఈ వీధిలో మనిషికి సాయంత్రం కూడా దూరమే, ఒళ్లంతా సీసం పోసినట్టుంది, సరే పద, అంది, ఆలోచించి అన్నది కాదు, జారిపోయింది, నేనూ వస్తా, నువ్వెందుకు, నాకు మాత్రం పనేముంది, ఇంట్లో పిల్లి కూడా లేదు, వెనక సీట్లోంచి ఆఫీసు నారింజ రంగు కోటు తీసి తొడుక్కుంది, అది వేసుకుంటే నాలుగు వీధుల అవతలికి కనిపిస్తావు, వాళ్లకి గురి చూసుకునే శ్రమ కూడా ఉండదు అన్నాడు, మంచిదే, ముందు నన్ను కాలుస్తారు, ఈలోగా నువ్వు పారిపో, నేను పారిపోను, నేనూ పారిపోనురా, ఈ మోకాలితో ఎక్కడికి పోతాను, అని నడవడం మొదలుపెట్టింది, మూలవైపు, కుంటుకుంటూ, బెదిరింపు కాదు, బెదిరింపులు ఆమెకి వెన్నతో పెట్టిన విద్య, ఇది అది కాదని నడుస్తుంటే ఆమెకే తెలిసింది, అలసట, అంతే, అక్కడ వెళ్లి నిలబడితే ఇక ఎవరికీ ఫోన్ చెయ్యనక్కర్లేదు అన్నంత అలసట, సారా కొట్టు ముందు ఎవడో చెయ్యూపాడు, ఏం మిస్ ఒడెస్సా, ఆ కోటేంటి, గుమ్మడికాయలా ఉన్నావు, నీ తల, అంది, నడిచింది, వెనక అడుగులు వినిపిస్తున్నాయి, ఆగు పెద్దమ్మా, ఆగలేదు, దేవుడి మీద ఒట్టు, ఆగు, ఆగలేదు, ఎదురుగా మూల కనిపిస్తోంది, దీపపు స్తంభానికి కట్టిన వెలిసిన రిబ్బను, కింద వాన తాగిన బొమ్మ ఎలుగుబంట్లు, ఆగమంటుంటే వినపడదా నీకు, అని పరుగెత్తుకొచ్చి ఆమె కోటు చెయ్యి పట్టి వెనక్కి లాగాడు, లాగింది కుడిచేత్తో, జేబులోంచి బయటికొచ్చింది, ఉత్త చెయ్యి, మెటికలు పగిలిన చెయ్యి, నీకు మెంటలా, నీకేమైనా అయితే నేనేం చెయ్యాలి, ఎవడికి చెప్పుకోవాలి, అని నడివీధిలో అరిచాడు, పెద్దగా, మెత్తగా కాదు, తిడుతూ, ఆమె పుట్టుకనీ ఆమె మొండితనాన్నీ ఆ దిక్కుమాలిన కోటునీ తిడుతూ కారు దాకా నడిపించుకొచ్చాడు, ఇక్కడే చావు, కదిలావో చూడు, అని పైకి పోయాడు, దిగి వచ్చినప్పుడు రెండు చేతులూ ఖాళీగా వేలాడుతున్నాయి, ఎక్కి కూర్చున్నాడు, పోనియ్యి, ఎక్కడికి, అమ్మ దగ్గరికి, ఇంకెక్కడికి, ముందు బెల్టు పెట్టుకో.

బెల్టు పెట్టుకుంది, జన్మలో ప్రయాణికుడితో అనిపించుకోని మాట, కారు కదిలింది, మూల వెనక్కిపోయింది, అతను చూడలేదు, చూడకుండా ఉండడానికి మెడ నరాలు ఎంత బిగబట్టాడో ఆమె ఓరకంట చూసింది, రేపు మళ్లీ ఉంది, ఆ సామాను పైన పరుపు కింద దాచి వచ్చి ఉంటాడు, వాళ్లు ఇవాళ నవ్వుకుంటారు, ఆ నవ్వు రాత్రికి ఇతని ఫోన్లోకి వస్తుంది, లెస్టర్‌కి ఆ ఇద్దరూ దొరికారో లేదో, ఏదీ తీరలేదు, ఎర్రదీపం పడితే బ్రేకు తొక్కింది, నెమ్మదిగా తొక్కు, ముందు లారీ ఉంది, కనబడ్డంలేదా, అని కసిరాడు, కసురుతూ చెయ్యి ఆమెకి అడ్డంగా చాపాడు, పసిబిడ్డ ముందుకి తూలిపోకుండా తల్లులు చాపినట్టు, చాపిన సంగతి అతనికే తెలీదు, వీళ్లకి భయం లేదు అంటారు పైవాళ్లు, చావంటే భయం లేనివాళ్లతో ఏం చేస్తాం అంటారు, ఆమె కూడా ఇన్నాళ్లూ అదే పనిగా పెట్టుకుంది, నీ ప్రాణం మీద నీకు భయం ఉండాలిరా అని చెవినిల్లు కట్టుకుని పోరింది, ఎక్కడినుంచి వస్తుంది అది, వాళ్ల కోసం ఈ నగరంలో ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు గుండె గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నది ఎప్పుడు, తన కోసం ఎవరూ భయపడనివాడికి తన మీద తనకి భయం పుట్టదు, అది ముందు పక్కవాడి మీదే పుడుతుంది, పుట్టింది, ఇవాళ, నడివీధిలో, బూతులతో సహా పుట్టింది.