మా వద్ద వద్దు

పొద్దుటి నుంచీ పెయింటరుకు కాలు ఒకచోట నిలవడం లేదు. వీధి చివర, అతని వాటా పక్కనున్న ఖాళీ జాగాలో అంటురోగాల ఆసుపత్రి కడతారట. అడ్డం పడడానికి వీధంతా ఒక్కటైంది. ఎన్నడూ పలకరించుకోనివాళ్లు కూడా భుజాలు రాసుకు తిరుగుతున్నారు. ఆ గాలి బడి మీదికే వీస్తుందనీ, ఆ మురుగు మన కాలువలోనే కలుస్తుందనీ వాళ్ల భయం. పిల్లలు గలవాళ్లు, భయపడడం తప్పని ఎవరనగలరు?

వీధి సంఘానికి పెద్ద, ఇంటి ఓనరే. పెయింటరు అద్దెకుండేది ఆయనింట్లోనే. సాయంత్రం అధికారులు జాగా చూడ్డానికొస్తున్నారు, మెషీను అక్షరాలకన్నా చేతిరాతైతే జనం గోడులా ఉంటుందని చెప్పి, బ్యానరు గుడ్డ ఇచ్చి వెళ్లాడు. రాయాల్సింది ‘అంటురోగాల ఆసుపత్రి మా వద్ద వద్దు’.

చిక్కంతా ఇక్కడే ఉంది. పెయింటరు భార్య అక్కగారింటికి వెళ్లిందని వీధంతా అనుకుంటోంది. చెప్పింది అతనే. ఆవిడెక్కడికీ వెళ్లలేదు, వెనక గదిలో నోటికి దిండు అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. క్షయ. తెలిస్తే ఓనరు సామాను బయట పెట్టించడూ? మందుకోసం ఊరి ఆ చివరికి, బస్సులు మారి, తెల్లారకముందే ముసుగేసి తీసుకెళ్లాలి. మొన్న బస్టాపులోనే కూలబడింది. చచ్చినా మళ్లీ రానని మొండికేసింది. మందు మానితే మనిషి దక్కదని డాక్టరు మొహం మీదే చెప్పాడు. అదే ఆసుపత్రి పక్క జాగాలో ఉంటే, గోడను పట్టుకుని నడిచైనా వెళ్లొచ్చు.

వరండాలో గుడ్డ పరిచి రాస్తున్నాడు. లోపల దగ్గు తెర వచ్చినప్పుడల్లా, బయటికి వినబడకుండా కాకిగొంతెత్తి పాట అందుకుంటున్నాడు. పాట ఒకచోట, అక్షరాలు ఒకచోట, మనసు ఒకచోట! ‘వద్ద’ రాసి, ‘వద్దు’ కూడా రాసేశాననుకున్నాడు. జాగా వైపు తిరిగి ఉండేది అతని వరండాయే కనక కుర్రాళ్లు బ్యానరు అక్కడే కట్టేశారు.

‘అంటురోగాల ఆసుపత్రి మా వద్ద’.

జనం నవ్వారు. ఓనరు మొహం కందగడ్డలా అయింది.

“ఏంటయ్యా ఇది? రండి బాబూ అని పీట వేసినట్టుంది. పక్కన చోటుందిగా, ‘వద్దు’ అని తగిలించు.”

పెయింటరు బ్రష్షు ముంచాడు. అధికారుల జీపు మలుపు తిరుగుతోంది. వీధంతా వెనక నుంచుని చూస్తోంది. ఆ ఒక్క మాట రాస్తే తల దాచుకునే చోటు నిలుస్తుంది. మరి ఆవిడ? చేయి గుడ్డ దాకా వెళ్లి ఆగిపోయింది.

“వద్దు.”

మాట లోపలి నుంచి వచ్చింది. కిటికీ తెరుచుకుంది. అక్కగారింటికి వెళ్లిన మనిషి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, చువ్వ పట్టుకుని నుంచుంది.

“అది మాత్రం రాయకు. నాకు బతకాలనుంది.”

ఓనరు గబుక్కున వెనక్కి జరిగాడు. ఆవిడకు దగ్గు తెర వచ్చింది, వీధి వీధంతా వినేలా. ఈసారి పెయింటరు పాట అందుకోలేదు.