బోటికూర మీద ఫ్రాన్సు వైను

వేడినీళ్ళలో ముంచిన మేక పేగుల బోటిని బిక్షపతి గీకుతుంటే, దాని మీద పాతపగ ఏదో తీర్చుకుంటున్నట్టే ఉంది. పొట్టి మనిషి. ఎప్పుడో మంటకు మాడిన కనుబొమలు మళ్ళీ మొలవనే లేదు. కారం ఇంకి ఇంకి వేళ్ళు ఇటుకరంగుకు తిరిగాయి. కన్ను నలుపుకోవడం ఏనాడో మానేశాడు.

మెదక్‌లో రాజేందర్ బార్ వెనకున్న రేకుల వంటిల్లే ఆయన లోకం. ఆయన బోటికూర తిన్న ఓ లారీ డ్రైవరు టేక్మాల్ దాకా హారన్ కొట్టలేదట. ఉస్సు ఉస్సుమన్న చప్పుడుకే ఎదురొచ్చిన బర్రెలు దారిచ్చాయట. అబద్ధమంటారా, పోయి ఆ బర్రెల్నే అడగండి.

ఇవాళ్టి కోపమంతా బల్ల మీదున్న సీసా గురించి. రాజేందర్ బార్ పైన ఏసీ హోటల్ తెరుస్తున్నాడు. సాయంత్రం పెద్దమనుషులకు ఫ్రాన్సు ఎర్రవైను పోస్తాడట. దాని పక్కకు ఏ కూర నప్పుతుందో చెప్పడానికి హైదరాబాదు నుంచి ఆశా అనే ఆమెను పిలిపించాడు.

"మేడం సరే అంటెనే నీ బోటి పైకొస్తది. లేకుంటె రేపటి సంది కొత్త మాస్టర్ వస్తడు, నువ్వు ఉల్లిగడ్డలు కొయ్యి," అన్నాడు రాజేందర్.

"నా పొయ్యి కాడ ఇంకోడా?" బిక్షపతి గంటెతో గిన్నెను ఠంగుమనిపించాడు.

ఆ చింతకర్ర గంటె తల్లి బాలమణిది. కల్లు కంపౌండు గేటు పక్కన ఆమె బోటి అమ్మేది. "కల్లు పులిసిందనుకో, ఇంకో పిడికెడు కారమెయ్యి బిడ్డా. తాగెటోనికి ఏది మండుతున్నదో తెల్వద్దు," అనేది. ఆ ఒక్క మాట మీదే కొడుకు బతుకంతా ఉడికింది.

మధ్యాహ్నానికి ఆశా వంటింట్లోకి వచ్చింది. రాజేందర్ సీసా తెరిచి గ్లాసులో ఐసు వేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "బీరు కాదన్నా ఇది!" గ్లాసు వంచి రంగు చూసింది, తిప్పింది, ముక్కు పెట్టి వాసన పీల్చింది, గుక్కను నోట్లోనే ఆపుకుంది. "మూడు తీర్ల ద్రాక్షలు కలిపి చేసిన్రు. జర వగరుంటది. కొవ్వున్న మాంసం దీనికి మంచి జోడి."

తర్వాత గోంగూర వేసిన బోటి తిని, మళ్ళీ గుక్క తాగింది. మొహం ముడుచుకుపోయింది.

"కూర మస్తుంది అన్నా. కానీ దీని మీద వైను సచ్చిపోతున్నది. మీరే చూడుండ్రి."

"సూస్త. నాకేం భయం?"

బిక్షపతి గ్లాసందుకుని, కల్లు కంపౌండులో అందరూ చేసినట్టే, తాగేముందు పోయినవాళ్ళ పేరిట పొయ్యి పక్కన నాలుగు చుక్కలు సాక పోశాడు.

"ఫ్రాన్సుదే అది! నేల మీద పోస్తవేందే?" రాజేందర్ అరిచాడు.

"మా అవ్వ బాలమణికి. ఆమె ఫ్రాన్సు సూడలే."

మొదటి గుక్కలో నేరేడుపండు తగిలింది. వెనకే వానపడ్డ చెలక మట్టి వాసన, ఎండు పొగాకు. వగరు నాలుకంతా మెల్లగా పరుచుకుంది. రుచి చూడు, చూడు అని బతిమాలే మందు ఆయన పుట్టి బుద్ధెరిగాక ఇదే మొదటిది. తన కూర ముక్క నమిలి మళ్ళీ తాగాడు. నేరేడు లేదు, చెలకా లేదు. తుప్పుమేకు చప్పరించినట్టుంది, పైగా గొంతులో మంట.

ఆమె అన్నది నిజం. అబద్ధమైతే తిట్టిపోసేవాడు. ఇప్పుడీ కోపాన్ని ఎవరి మీద పోయాలి?

రాజేందర్ పగలబడి నవ్వాడు. "నేను చెప్పలే? కారం తప్ప నీకేమొచ్చే?"

"అవ్, కారమే వచ్చు!" బిక్షపతి గొంతు రేకులను తాకింది. "మీ నాయిన ఈ బార్ల అమ్మిన మందు వాసనకు కుక్క గూడ దగ్గరికి రాకపోతుండె. గది గొంతు దిగాల్నని నేను మండవెట్టిన. జనం నా చేతిని మెచ్చుకుంటున్నరనుకున్న. మీ మందు కంపును దాసిపెట్టిన పటేలా, గంతే నేను జేసింది!"

రాజేందర్ నవ్వు ఆగింది.

"జర కారం తగ్గిద్దాం అన్నా, నేను చెప్త," అంది ఆశా మెల్లగా.

"తగ్గించే చెయ్యి కాదు బిడ్డా ఇది."

పొయ్యి ఆర్పి, గంటెను గట్టు మీద పెట్టాడు. తువ్వాలతో చేతులు తుడుచుకుని, దాన్ని మళ్ళీ భుజాన వేసుకుని, వెనక తలుపులోంచి వెళ్ళిపోయాడు.

"యాడికి పోతడు, పొద్దుగూకకముందే వస్తడు," అన్నాడు రాజేందర్. రోడ్డు మీద శంకరంపేట బస్సు ఆగి, కదిలింది.

పొయ్యి గట్టు మీద, నేలనున్న సాక చుక్కలకు పైన, చింతకర్ర గంటె ఉంది. అడుగు గీకి గీకి ఒక పక్క అరిగిపోయింది కాబట్టి అది కుదురుగా నిలవదు. ఎర్రనూనె కారుతూ, చెయ్యి ఇప్పుడే వదిలినట్టు, ఇంకా ఊగుతూనే ఉంది.