నీళ్లు దాటని మనిషి

క్యూబాలోని కైబారియెన్ రేవులో పొద్దున్నే చేపల పొట్టలు చీల్చి ఉప్పు పట్టించడం ఒస్డాలిస్ పని. ఆమె మొగుడు లియోనెల్ ఆ పక్కనే లారీ ట్యూబులకు పంక్చర్లు వేసేవాడు. ఆ ఏడు ఊళ్లో ట్యూబు దొరకడం గగనమైపోయింది. దేశం దాటిపోయేవాళ్లు సముద్రంలో దొరికితే వెనక్కి పంపేస్తారు, నేల మీద కాలు మోపితే ఉండనిస్తారు. అవతలి ఒడ్డున అమెరికా చట్టం అది. దాన్నీ ఎత్తేస్తారని పుకారు పుట్టేసరికి ఊరంతా ఆ ట్యూబులతో తెప్పలు కట్టడం మొదలెట్టింది.

"ఇప్పుడు పోకపోతే ఆ చేపలతో పాటే ఊరిపోతావు మరదలా," అన్నాడు లియోనెల్ అన్న ఎవేలియో. తెప్పకో పాత మోటారు బిగించి ముగ్గురూ బయల్దేరారు.

నడిసముద్రంలో మోటారు చచ్చింది. తెడ్లు వేసి వేసి అరచేతులు పుళ్లు పడ్డాయి. మంచినీళ్ల డబ్బా అడుగంటింది.

"ఆ గుక్కెడూ దానికియ్యి అన్నా," అంటూ లియోనెల్ డబ్బా లాక్కున్నాడు.

"తెడ్డు వేసేవాడు చస్తే నీ పెళ్లాం ఈదుతుందా?"

"నువ్వు చస్తే నేను వేస్తాలే."

ఎవేలియో తెడ్డెత్తి తమ్ముడి నెత్తిన మోదాడు. పచ్చి దుంగ చీలినట్టు చప్పుడైంది. ఒస్డాలిస్ మొగుడి చొక్కా పట్టుకుంది. చొక్కా చిరిగి చేతికొచ్చింది, మనిషి మునిగిపోయాడు. ఆమె ఎవేలియో మీద పడి గోళ్లతో మొహం చీరేసింది. వాడు ఆమెను ఓ తన్ను తన్ని, ఆ గుక్కెడూ తాగి, భోరుమన్నాడు.

మధ్యాహ్నానికి లియోనెల్ నడుచుకుంటూ వచ్చాడు. అంత లోతు నీళ్లూ అతనికి నడుముదాకానే. ఒస్డాలిస్ తన తలగుడ్డ విప్పి అతని తలకు కట్టింది.

"నొప్పిగా ఉందా?"

"ఎండే మాడ్చేస్తోంది." తెప్ప తాడు భుజాన వేసుకుని లాగడం మొదలెట్టాడు.

"ఇంకా ఎంత దూరంరా?" ఎటో చూస్తూ అడిగాడు ఎవేలియో.

"లాగుతున్నాగా. కదలకుండా కూచో అన్నా."

ఒడ్డున ఇళ్ల కప్పులు కనబడ్డాక గస్తీ పడవ అడ్డం తిరిగింది. గొట్టంతో నీళ్లు కొట్టారు. ఆ ధాటికి ఒస్డాలిస్ పెదవి చిట్లింది, తెప్ప తిరగబడింది. ఎవేలియో చేపల కత్తి దూశాడు. లాఠీ పడింది. విరిగిన చెయ్యి వేలాడుతుండగానే జుట్టు పట్టి వాణ్ని పడవలోకి ఈడ్చుకున్నారు.

లియోనెల్ పెళ్లాన్ని భుజాలకెత్తుకుని పరుగెత్తాడు. గొట్టం అతని వీపునే కొడుతోంది. కట్టు ఊడి నెత్తురు ఆమె తొడల మీద కారింది. అలల చివర ఆమెను ఇసుక మీద దించాడు.

ఒడ్డున కాచుకున్న అధికారి క్యూబా వాళ్ల బిడ్డే. "నేల తాకావు. నువ్వు ఉండొచ్చమ్మా," అన్నాడు. తర్వాత లియోనెల్ వైపు తిరిగాడు. "నువ్వింకా నీళ్లలోనే ఉన్నావు. వెనక్కి పోవాలి."

"ఒక్క అడుగు వెయ్యి!" ఒస్డాలిస్ రెండు చేతులా లాగింది.

"నీళ్లు దాటితే నిలబడలేనే, పిచ్చిదానా." మెల్లగా వేళ్లు విడిపించుకున్నాడు. "అన్న ఒక్కడే పోతున్నాడు."

గస్తీ పడవ దక్షిణానికి, క్యూబా వైపు తిరిగింది. వెనక కూర్చున్న ఎవేలియో, తమ్ముడు రావడం చూసి, విరిగిన చేతిని ఒళ్లోకి లాక్కుని పక్కకు జరిగి చోటిచ్చాడు. లియోనెల్ ఎక్కలేదు. పడవ వెనకాలే నడిచాడు.