తూకపు బల్ల కింది పుస్తకం

చిన్న ఎండీ ప్రభవ్ పనివాళ్లకి ఆర్డరు వేసినప్పుడల్లా మామిడికాయలు కోసే షెడ్డు ఓ గజం పొడుగవుతుంది. ఈ పొద్దుటికి పదిహేడు ఆర్డర్లయ్యాయి. కాయల గంప దగ్గర్నుంచి కత్తిపీట దాకా పోవడానికి పైడమ్మ చద్దిమూట కట్టుకుని బయల్దేరుతుంది.

మేస్త్రీ గవరయ్యకి ఇందులో వింతేమీ కనబడదు. ఆరో తరగతిలోనే బడికి దండం పెట్టి, ముప్పయ్యేళ్లుగా ఈ పచ్చళ్ల ఫ్యాక్టరీలో పడి ఉన్నవాడు. చదువుకున్నవాడు నోరు విప్పితే కూలివాడికి నడక పెరుగుతుందని అతనికెప్పుడో తెలుసు.

పద్దెనిమిదో ఆర్డరు గోడమీద దానంతటదే మొలుస్తుంది. సాయంత్రం సైరన్ లోగా కోత రెట్టింపవాలి. లేకపోతే షెడ్డు మూత, ముప్పైమంది ఆడకూతుళ్లు ఇంటికి. వాళ్ల చోట టెంక తీసి పారేసే మిషను.

"టెంక తీసెత్తే ముక్క నిలబడతాదేటి బాబూ? పది రోజులకి జావైపోద్ది," అంటాడు గవరయ్య.

ప్రభవ్ ఆ చివరెక్కడో ఉన్నాడు. అతని జవాబు అంత దూరం నడిచొచ్చి, గవరయ్య ముందు నిలబడి ఆయాసం తీర్చుకుంటుంది. "టెంక వేస్టు మేస్త్రీ. ఆ కోసేవాళ్ల పాటలూ వేస్టే. ఆపమను."

షెడ్డు ఇంకో గజం సాగుతుంది.

గవరయ్యకి ఒళ్లు మండిపోతుంది. గుమ్మం బయటి తూకపు బల్ల ఊగకుండా నలభయ్యేళ్ల కిందట ఎవరో కాలి కింద పెట్టిన అట్టపుస్తకాన్ని లాగుతాడు, విసిరికొట్టడానికే. పుస్తకంలోంచి కోటు దులుపుకుంటూ ఓ ముసలాయన దిగుతాడు, చేతిలో గడియారం. వెనకాలే కళ్లజోడు ముసలావిడ. ఫ్యాక్టరీలు పెద్దవవుతున్న రోజుల్లో, నలుగురిచేత పని ఎలా చేయించాలో రాసింది తామేనంటారు.

"మమ్మల్ని చదవలేదు గానీ, బల్ల బాగా మోయించారు," అంటుంది ముసలావిడ నడుం పట్టుకుని.

ముసలాయన గడియారం చూసుకుంటూ పైడమ్మ వెంట నడుస్తాడు. "కోతకి ఆరు సెకన్లు. నడకకి పదకొండు నిమిషాలు. ఈవిడ చెయ్యి చురుకే. గంపే బద్ధకంగా కూర్చుంది." గంపని కత్తిపీట పక్కకి జరుపుతాడు. షెడ్డు మూడు గజాలు ముడుచుకుంటుంది. ఆడవాళ్లు పాట ఎత్తుకుంటారు. కత్తులన్నీ ఒక్కసారే పడతాయి. ముసలాయన పాట విని గడియారం సరిచేసుకుంటాడు.

"వందేళ్ల నాటి మాటలు!" అని అరుస్తాడు ప్రభవ్. "ఇప్పటి వ్యాపారానికి పనికొస్తాయా?"

"మామిడికాయకి టెంక ఎన్నాళ్లనాటిది నాయనా?" అంటుంది ముసలావిడ. "ఆర్డరు వెయ్యకు. అడుగు."

ప్రభవ్‌కి అడగడం చేతకాదు. గవరయ్యే నేర్పుతాడు: "'పైడమ్మా, నీకేటి కావాల?' అనండి బాబూ. అంతే."

అతను తడబడుతూ అంటాడు.

"అబ్బో, బాబుకి మాటొచ్చిందర్రా!" అని షెడ్డంతా గొల్లుమంటుంది. ఆ నవ్వుకే రెండు గజాలు తగ్గుతాయి. పీట ఎత్తు పెంచమంటుంది పైడమ్మ, నడుం పోతందట. ఇంకో గజం. కిటికీ తెరిపించమంటుంది ఇంకొకామె. మరోటి.

"నువ్వేమంటావ్ మేస్త్రీ?" అని అడుగుతాడు ప్రభవ్.

ముప్పయ్యేళ్లలో ఎవరూ అడగని మాట. గవరయ్య గంపలోంచి ఓ కాయ తీసి చూపిస్తాడు. "టెంక ఉంచండి," అంటాడు.

ప్రభవ్ తలూపుతాడు. గోడమీది పద్దెనిమిదో ఆర్డరు పెచ్చులూడి పడుతుంది. అందరూ మోకాలికి మోకాలు తగిలేలా దగ్గరకొస్తారు. ప్రభవ్ కూడా ఓ పీట లాక్కుని కాయ కొడుతూ, పాటలో ఒక చరణం ఆలస్యంగా కలుస్తాడు. సైరన్ మోగేసరికి కోత మూడు రెట్లు.

అయినా షెడ్డు ముడుచుకోవడం మానదు. ఆఖరి గంప తూకానికి పట్టుకొచ్చిన గవరయ్య వెనక్కి తిరిగేసరికి, షెడ్డు మామిడికాయంత అయి నేలమీద ఉంటుంది. లోపల పాట. పుస్తకం తీసేసిన బల్ల ఊగుతోంది. అతను షెడ్డుని రెండు చేతులా ఎత్తి బల్లకాలి కింద పెడతాడు. బల్ల కుదురుకుంటుంది.

"మావా, నీ పీట కాళీగుంది, రా!" అని బియ్యపుగింజంత చెయ్యి కిటికీలోంచి పిలుస్తుంది.

గవరయ్య చెప్పులు విప్పి, కుడికాలు ముందుపెట్టి లోపలికి దిగుతాడు.

ఎండిన బల్లకాళ్లు నాలుగూ పూతకొస్తాయి. ముసలాళ్లిద్దరూ కింద కూర్చుని పిందెలు ఏరుకుంటారు. ఒక్కో పిందెకీ తెరిచిన కిటికీ ఉంది.