జనం పిలిచిన పేరు

సాలెహాకు బెజవాడ సంబంధం తెచ్చింది మేనమామ అబ్దుల్ హమీద్. పెళ్ళికొడుకు హుమాయున్‌కి బట్టల కొట్టుంది. మనిషి నెమ్మదస్తుడు. అంతా బాగానే ఉంది గానీ, హమీద్ ఒక్క మాట దగ్గర నసిగాడు.

“వాళ్ళు షేకులు బావా. మనం దూదేకుల వాళ్ళమంటే గడప తొక్కరు. ఇంటిపేరు షేక్ అని చెబుదాం. పత్తి వ్యాపారం అందాం. పిల్ల సుఖపడాలా వద్దా?”

కనుబొమల మీద దూది నుసి తుడుచుకుంటూ సాలెహా తండ్రి హుస్సేన్ చాలాసేపు దగ్గాడు. తిరువూరు చుట్టుపక్కల ఆయన ఏకిన దూదితో కుట్టని పరుపు లేదు. ఆ నుసే ఊపిరితిత్తుల్లో చేరి కూర్చుంది.

“సరే, అట్లాగే చెప్పు” అన్నాడు చివరికి.

ఆ సాయంత్రం కూతుర్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

“మా ముత్తాత దూది ఏకే విల్లు భుజాన వేసుకుని ఊరూరా తిరుగుతూ పెనుగొలను వచ్చాడంటమ్మా. ఆ ఏడు చలి విపరీతం. ఒకరింట్లో పురిటి బిడ్డ వణికిపోతుంటే, ఉన్న దూదంతా అప్పటికప్పుడు ఏకి బొంత చేసిచ్చాడు. బిడ్డ బతికింది. ఆయన పేరు వాళ్ళకి నోరు తిరగలేదు. దూదేకులాయన అన్నారు. ఆ ఊళ్ళోనే ఉండిపొమ్మని చోటిచ్చారు. మా తాత రోజుల్లో తిరువూరు చేరాం. మనం పెట్టుకున్న పేరు కాదది, జనం పిలిచిన పేరు. పట్నంలో దాన్నే తిట్టు చేశారు. నువ్వెందుకు పడాలి ఆ మాట?”

పెళ్ళినాడు దూది ఏకే విల్లును పక్కింటి హన్నమ్మ ఇంట్లో దాచారు. షేక్ హుస్సేన్ కుమార్తె అని ఖాజీగారు చదువుతుంటే హుస్సేన్ తల ఎత్తలేదు.

ఆ తర్వాత ఆయన బెజవాడ వెళ్ళనే లేదు. అల్లుడు ఎన్నిసార్లు రమ్మన్నా, ఆరోగ్యం బాగాలేదనో, పనుందనో తప్పించుకునేవాడు. తన దగ్గూ, తన చేతులూ ఎక్కడ పట్టిస్తాయోనని భయం. సాలెహా కూడా పుట్టింటికి ఒంటరిగానే వచ్చేది, ఒక పూట ఉండి వెళ్ళిపోయేది. అత్తవారింట్లో తండ్రిని అబ్బా అంటారు. ఆమె కూడా అట్లాగే అనడం నేర్చుకుంది.

డెబ్భై ఆరు చలికాలంలో, తండ్రికి ఊపిరి అందడం లేదని బస్సు కండక్టరుతో కబురొచ్చింది. భార్యాభర్తలిద్దరూ దొరికిన బస్సెక్కారు. వాళ్ళు వీధి మలుపు తిరిగేసరికే ఇంటి ముందు జనం ఉన్నారు. “నాన్నా!” అని అరుస్తూ సాలెహా పరుగెత్తింది.

హన్నమ్మ గుండెలు బాదుకుంటోంది. “మా దూదేకుల హుస్సేనన్నయ్యా, పోయావా!” పెనుగొలను నుంచి వచ్చిన రైతు వెంకటప్పయ్య హుమాయున్ చేతులు పట్టుకున్నాడు.

“అల్లుడుగారాండీ? మా ఇంట్లో తాతల కాలం నుంచీ పరుపులన్నీ వీళ్ళు ఏకినవేనండి. దూదేకుల వాళ్ళంటే మాకు సొంత మనుషులు.”

హుమాయున్ తన చేతులు మెల్లగా విడిపించుకున్నాడు. సాలెహాని పెరట్లోకి పిలిచాడు.

“మీ ఇంటిపేరు ఏంటి?”

ఆమె తల దించుకుని నిజం చెప్పింది. తిడతాడనుకుంది. అతను నూతి గట్టు మీద కూలబడ్డాడు.

“మామయ్యకి నేను నచ్చలేదనుకున్నాను సాలెహా. అందుకే రావడం లేదనుకున్నాను. పిల్లనిచ్చిన మనిషి నా ఇంట్లో ఒక్క పూట అన్నం తినలేదే అని ఎన్నిసార్లు బాధపడ్డానో! ఒక్కసారి నాతో చెప్పకపోయావా?”

తను చెప్పి ఉంటే తండ్రి వచ్చేవాడని సాలెహాకు ఇప్పుడు తట్టింది. బెజవాడలో పెద్ద డాక్టరుకి చూపించేవాళ్ళు.

మగవాళ్ళు జనాజా లేపారు. హుమాయున్ ముందు కొమ్ముకు భుజం ఇచ్చి నడిచాడు. ఖబరస్తాన్ నుంచి తిరిగొచ్చేసరికి అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. చేతికీ చొక్కాకీ మట్టి. చెంబుతో నీళ్ళందిస్తున్న సాలెహాతో మెల్లగా అన్నాడు.

“ఇంటికెళ్ళాక అమ్మకి నేనే చెబుతాను. నాలుగు రోజులు గొడవ చేస్తుంది. తర్వాత సర్దుకుంటుంది.”

సాలెహా చెంబులో మిగిలిన నీళ్ళన్నీ అతని చేతుల మీద ఒంపేసింది. తన కడుపులో పెరుగుతున్న బిడ్డ గుర్తొచ్చింది. ఆ బిడ్డను రేపు అత్తగారు ఎత్తుకోవడం, ఎత్తుకోకపోవడం, రెండూ కళ్ళ ముందు మెదిలాయి.

“వద్దండి” అంది. “చెప్పొద్దు. మీకు దణ్ణం పెడతాను.”

హుమాయున్ ఆమె వైపు చూసి, చూపు తిప్పుకున్నాడు. కాదనలేదు.

గుమ్మంలో అలికిడయింది. తల్లి పీర్‌బీ అక్కడే నిలబడి ఉంది. ఆమె ఆ మాటలన్నీ విన్నదని సాలెహాకు అర్థమైంది. సిగ్గుతో చచ్చిపోయింది.

పీర్‌బీ దగ్గరికొచ్చి కూతురి చేతిలోంచి ఖాళీ చెంబు తీసుకుంది.

“అదే మంచిదమ్మా” అంది. “ఆయనున్నా అదే అనేవాడు.”

లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.