చల్లారని పరుపు

అంతవరకూ అమెరికాలోని అలబామా రాష్ట్రంలో పత్తి పండేది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చాక అక్కడి మొబీల్ రేవులో ఓడలు పండటం మొదలెట్టాయి. ఒక కూలీ చేతులు కడుక్కుని వచ్చేలోగా, తను మేకు కొట్టిన ఓడ కాస్తా సముద్రంలో ఉందట! అబద్ధమైతే నన్ను కాదు, ఆ చేతులు కడుక్కున్నవాణ్ణి అడగండి.

రేవులో మనుషులు పెరిగారు గానీ మంచాలు పెరగలేదు. కూలీలకి మంచాలు అద్దెకిచ్చే ఒడెస్సత్త ఇంట్లో మంచానికి ముగ్గురు. ఒకడు లేచి పనికి పోతే, పని దిగినవాడు వచ్చి అందులోనే వాలేవాడు. పరుపు చల్లారే ప్రశ్నే లేదు.

ఎజ్రా పెట్వే అనే కూలీది రాత్రి పని. పొద్దున ఎనిమిదింటికి వచ్చి పడుకునేవాడు. తనకు ముందు పడుకునే ఏమస్ మొహం ఎన్నడూ చూడలేదు. పరుపులో అతని ఒళ్లు చేసిన గుంత మాత్రం తెలుసు, అందులోని వెచ్చదనం తెలుసు. లేచేటప్పుడు అతనికోసం తలగడ కింద మొక్కజొన్న రొట్టె ముక్క పెట్టేవాడు. మర్నాటికి అది ఉండేది కాదు.

మార్చిలో భార్య డెల్ఫా ఉత్తరం రాయించింది. విత్తనాల వేళకి ఎజ్రా రాకపోతే, వాళ్లు పాలుకు చేస్తున్న పొలం, గుడిసె ఇంకొకరికి ఇచ్చేస్తానంటున్నాడట దొర.

"ఇంకొక్క వారం చేసి పోతానత్తా," అన్నాడు ఎజ్రా, పొద్దున పని దిగి వచ్చి.

ఒడెస్సత్త గరిటె ఆపింది. "ఆ మాట అనకురా అబ్బాయ్! ఏమస్ ఏడాదిపాటు అదే అన్నాడు. ఆఖరికి ఓడమీంచి పడి చచ్చిపోయాడుగా."

"పోయాడా? ఎప్పుడు?"

"తొమ్మిది రోజులైంది. నీకు తెలిస్తేగా, నిద్రమొహమా! వాడి చోటికి ఇంకా ఎవరూ కుదర్లేదు. రాత్రి పదింటినుంచి నువ్వొచ్చేదాకా మంచం ఖాళీయే."

ఎజ్రా మేడెక్కి పరుపుమీద చెయ్యి ఆనించాడు. అప్పుడే ఎవరో లేచిపోయినట్టు వెచ్చగా ఉంది. తలగడ ఎత్తాడు. రొట్టె లేదు.

ఆ పూటే ఊరికి బస్సెక్కాడు.

పొలంలో కంచరగాడిదలు లేవు. వాటి చోట ఎర్రటి ట్రాక్టరు బుసలు కొడుతోంది.

"మాట ప్రకారం విత్తనాలకి వచ్చాను దొరా."

"మాటదేముందిరా! కుర్రాళ్లు సగం యుద్ధానికీ సగం ఓడలకీ పోతే, నేనేం చెయ్యను? దీన్ని తెచ్చా. ఇది ఉత్తరాలు రాయించదు, ఊళ్లు వదిలి పోదు. ఇక నీలాంటివాళ్లు పదిమంది వచ్చినా పని లేదు."

డెల్ఫా అప్పటికే మూట కట్టి గుమ్మంలో పెట్టింది. "నిన్ననే గుడిసె ఖాళీ చెయ్యమన్నాడు. మీ రేవులో ఆడవాళ్లకి మంచాలున్నాయా, లేక నిలబడి నిద్రపోవాలా?"

ఇద్దరూ రేవుకి చేరాక, ఒడెస్సత్త ఆమెకి కింది గదిలో మంచంలో మూడోవంతు ఇచ్చింది. మర్నాడు పని దిగి, ఎజ్రా తన వేళకి మేడెక్కాడు. గుంత వెచ్చగానే ఉంది. ఈసారి పారిపోదామనిపించలేదు. పారిపోయి ఎక్కడికి వెళ్తాడు?

"కాస్త జరుగు ఏమసన్నా," అన్నాడు మెల్లిగా. "నాకూ ఊరు లేదు."

మంచం కిర్రుమంది. గోడవైపు పరుపు నెమ్మదిగా కుంగింది.